అడవి రోడ్లు మూసేస్తామంటున్నారు: వేటగాళ్ళుగా మేము ఫారెస్ట్ సర్వీసుకు ఏమని రాయాలి?

ప్రశ్న (బోయిసీ వాసి)

మిత్రులందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్ళుగా ఐడహోలోని బోయిసీలో ఉంటున్నాను. తొమ్మిదేళ్ళ కిందట నాతో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన నాకు ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి దుప్పి) వేట నేర్పారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దేశంలో వేట అంటే నేరమే కాబట్టి, ఈ మాట చెబితే మనవాళ్ళు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. ఇక్కడ రాష్ట్ర వన్యప్రాణి శాఖ మందల లెక్క చూసుకొని ట్యాగులు ఇస్తుంది. ట్యాగు ఉన్నవారు ఆ సీజన్లో ఒక్క జంతువును వేటాడవచ్చు, ఆ మాంసమే మా ఇంట్లో ఏడాదిలో ఎక్కువ భాగం తింటాం.

ఇప్పుడు విషయానికి వస్తాను. మేము వెళ్ళేది ఫారెస్ట్ సర్వీసు అనే కేంద్రప్రభుత్వ శాఖ చూసుకునే నేషనల్ ఫారెస్టు. అందులో ఒక రేంజర్ జిల్లా (స్థానిక అటవీ కార్యాలయం), పాత కలప రోడ్లలో చాలావాటిని వాహనాలకు మూసివేయాలని ప్రతిపాదన పెట్టి, ప్రజల అభిప్రాయాలు కోరింది. మేము ఏటా గుడారం వేసుకునే లోయకు వెళ్ళే నాలుగు మైళ్ళ మట్టిరోడ్డు కూడా ఆ జాబితాలో ఉంది. మా పెద్దాయనకు 71 ఏళ్ళు, ఒక మోకాలికి శస్త్రచికిత్స అయింది. రోడ్డు మూస్తే ఆయన వేట అక్కడితో ఆగిపోతుంది. మా బృందంలోని మిగిలినవాళ్ళు "ఒక్క రోడ్డు కూడా మూయవద్దు" అని ఒక వినతిపత్రం తయారుచేసి సంతకం పెట్టమంటున్నారు.

నా చేయి వెంటనే కదలలేదు. పోయిన ఏడు సీజన్ మొదటిరోజు తెల్లవారకముందే ఆ రోడ్డు మీద ఏటీవీలు (అడవి దారుల్లో నడిచే చిన్న నాలుగు చక్రాల మోటారు బండ్లు) ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. రెండోరోజు మధ్యాహ్నానికి మంద మొత్తం కంచె దాటి కిందనున్న ప్రైవేటు పశుక్షేత్రంలోకి దిగిపోయింది. మాకు ఆ కంచె లోపల కాలు పెట్టే హక్కు లేదు. మిగిలిన నాలుగు రోజులూ కొండ మీద నిలబడి దుర్భిణీలో వాటిని చూడడమే మా పని అయింది. ఆ రోడ్డే మా వేటను చెడగొడుతోందా అన్న అనుమానం నాకు అప్పటినుంచీ ఉంది. తెలిసినవారు చెప్పండి: రోడ్లు మూస్తే ఎల్క్ నిజంగా ప్రభుత్వ భూమిలో నిలుస్తుందా? నిలిచే పక్షంలో మా పెద్దాయన లాంటివారి సంగతేమిటి?

సమాధానం 1 (లా గ్రాండ్ నుంచి)

మీ అనుమానం నిజమే. నేను వన్యప్రాణి జీవశాస్త్రం చదువుకుని తూర్పు ఓరెగాన్‌లో స్థిరపడినవాణ్ణి, వేటగాణ్ణి కూడా. మా ఊరికి నైరుతి దిక్కున స్టార్కీ ప్రయోగాత్మక అటవీక్షేత్రం ఉంది. అక్కడ సుమారు 40 చదరపు మైళ్ళ అడవి చుట్టూ ఎనిమిది అడుగుల కంచె వేసి, 1980ల చివరినుంచి ఎల్క్, మ్యూల్ డీర్ (ఎల్క్ కన్నా చిన్న జింక), పశువుల మెడలకు రేడియో పట్టీలు కట్టి అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో గమనిస్తున్నారు. వాహనాలు తిరిగే రోడ్లకు ఎల్క్ దూరంగా జరుగుతుందని, రద్దీ పెరిగేకొద్దీ మరింత దూరం పోతుందని అక్కడ తేలింది. 2002 తర్వాత ఏటీవీలు, పర్వత సైకిళ్ళు, కాలినడక, గుర్రపుస్వారీ, ఈ నాలుగింటినీ విడివిడిగా పరీక్షించినప్పుడు ఎల్క్ అన్నిటికన్నా ఎక్కువగా ఏటీవీలనుంచే తప్పుకుంది.

అంతకు ముందే, 1983లో జాక్ లయన్ అనే శాస్త్రవేత్త రోడ్ల సాంద్రతను బట్టి ఒక అంచనా ఇచ్చారు. చదరపు మైలుకు ఒక మైలు రోడ్డు తెరిచి ఉంటే ఆ నేల ఎల్క్‌కు ఉపయోగపడే శక్తి కనీసం 25 శాతం, రెండు మైళ్ళుంటే కనీసం 50 శాతం తగ్గుతుందని ఆయన లెక్క. మీ లోయలో గడ్డి ఉండవచ్చు, నీళ్ళు ఉండవచ్చు, అయినా రోడ్డు మీది చప్పుడు వినబడే మేర ఎల్క్‌కు అవి లేనట్టే. తుపాకుల చప్పుడు లేని పొలం కిందనే ఉండగా అది అడవిలో ఎందుకు నిలుస్తుంది? ఎల్క్ అలా ప్రైవేటు భూములకు చేరడం వల్ల రైతుకు గడ్డివాముల నష్టం, మనకు ఖాళీ అడవి మిగులుతున్నాయి. కాబట్టి వేటగాడే రోడ్డు మూయమని అడగడంలో వింత లేదు. మా ప్రాంతంలో కొన్నిచోట్ల వేటకాలంలో ఆకుపచ్చ చుక్క గుర్తు ఉన్న రోడ్ల మీదనే వాహనాలు తిరగాలన్న పద్ధతి ఉంది. సీజన్ తర్వాత గేట్లు తెరుస్తారు. నేను ఆ ప్రాంతాలనే ఎంచుకొని వెళతాను.

ఒక్క జాగ్రత్త చెబుతాను. మ్యూల్ డీర్ ఎల్క్ లాగా ప్రవర్తించదు. ఎల్క్ ఉన్నచోటునుంచి అది తప్పుకుంటుంది, అందువల్ల కొన్నిసార్లు రోడ్డుకు దగ్గరగానే దొరుకుతుంది. మీ బృందంలో డీర్ ట్యాగు ఉన్నవారికి నా వాదన అంతగా రుచించకపోవచ్చు, వారి అనుభవం కూడా అబద్ధం కాదు.

సమాధానం 2 (ముప్ఫై ఏళ్ళ వేటగాడు)

పై సమాధానంలోని శాస్త్రాన్ని నేను కాదనను. నా అభ్యంతరం వేరు. మూసిన రోడ్డు తిరిగి తెరుచుకోవడం నేను నా ముప్ఫై ఏళ్ళలో రెండుసార్లే చూశాను. మొదట "తాత్కాలికం" అంటారు, గేటు పెడతారు, ఆ తర్వాత గేటుకు బదులు మట్టిదిబ్బ వస్తుంది, పదేళ్ళకు దాని మీద లాడ్జ్‌పోల్ పైన్ మొక్కలు మనిషెత్తు పెరుగుతాయి. అప్పుడు "ఇక్కడ రోడ్డెక్కడుంది?" అని అడుగుతారు.

కాలినడకన వెళ్ళమని చెప్పేవారు ఒక పెద్ద మగ ఎల్క్‌ను నాలుగు మైళ్ళు మోసి చూడాలి. ప్రాణంతో ఉన్నప్పుడు అది ఏడు వందల పౌండ్లు తూగుతుంది, ఎముకలు తీసేసినా రెండు వందల పౌండ్లకు పైగా మాంసం ఉంటుంది. ఒక మనిషి వీపు మీద మూడు నాలుగు విడతలు మోయాలి, ప్రతి విడతకూ రానుపోను ఎనిమిది మైళ్ళు. సెప్టెంబరు ఎండలో మాంసం అంతసేపు ఆగదు. గుర్రాలు అద్దెకు తెచ్చుకోగలవాడికీ, పాతికేళ్ళవాడికీ అడవి మిగులుతుంది. వయసు మళ్ళినవాడు, జీతం మీద బతికేవాడు బయటపడతారు. వేటే కాదు, చలికాలానికి కట్టెలు కొట్టుకునేవారు, హకల్‌బెర్రీలు ఏరుకునేవారు, పశువుల కాపరులు కూడా ఆ రోడ్లనే నమ్ముకున్నారు.

సంతకాలు పనికిరావని ఎవరైనా అంటే వారికి 2012 గుర్తుచేయండి. ఓరెగాన్‌లోని సుమారు 23 లక్షల ఎకరాల వాలోవా-విట్‌మన్ నేషనల్ ఫారెస్టులో ఆ ఏడాది మార్చిలో వేల మైళ్ళ దారులను మూసే ప్రయాణ ప్రణాళిక ప్రకటించారు. బేకర్, యూనియన్, వాలోవా కౌంటీల ప్రజలు కదిలారు. ఏప్రిల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు. అందుచేత బోయిసీ మిత్రుడు ఆలోచించకుండా సంతకం పెట్టాలని నా మనవి. ఒక్క రోడ్డు వదులుకుంటామని రాసిన క్షణమే మన చేతిలోని బలం పోతుంది.

సమాధానం 3 (అభిప్రాయ పత్రాలు రాసిన అనుభవం ఉన్నవారు)

నేను నాలుగు ప్రాజెక్టులలో పాల్గొని, రెండింటిలో మేము అడిగిన మార్పులు సాధించుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ప్రతిపాదనలోని పట్టిక తెరిచి, మీ రోడ్డు నంబరు ఎదురుగా ఏమి రాశారో చూడండి. "మూయడం" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు ఉంటాయి. ఒకటి, వేటకాలంలోనో వసంతంలోనో మాత్రమే గేటు వేయడం. రెండు, రోడ్డును ఒకటవ నిర్వహణ స్థాయికి దించడం: వాహనాలు వెళ్ళవు గాని రోడ్డు లెక్కలలోనే ఉంటుంది, అగ్నిప్రమాదం వచ్చినా కలప పని పడినా మళ్ళీ తెరుస్తారు. మూడు, రోడ్డునే తీసివేయడం: కల్వర్టులు పెకలించి, నేలను దున్ని, పాత వాలుకు సర్దుతారు. పై మిత్రుడు భయపడుతున్నది మూడోదాని గురించి. ఆ భయం న్యాయమైనదే. అన్నిటినీ ఒకే గాటన కట్టి వ్యతిరేకిస్తే మాత్రం మొదటికే మోసం వస్తుంది, ఎందుకంటే కార్యాలయంలో చదివేవారికి మనం ఏ రోడ్డు గురించి మాట్లాడుతున్నామో కూడా తెలియదు.

ఎందుకు మూస్తున్నారన్నది తర్వాతి విషయం. దేశం మొత్తం మీద ఫారెస్ట్ సర్వీసు చేతిలో సుమారు 3,70,000 మైళ్ళ రోడ్లున్నాయి. వాటిలో ఎక్కువభాగం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దశాబ్దాలలో కలప కోసం వేసినవి. కలప అమ్మకాలు పడిపోయాక వాటిని బాగుచేసే డబ్బు కూడా పడిపోయింది. పూడుకుపోయిన కల్వర్టు ఒక వానకు తెగితే రోడ్డు మట్టి అంతా వాగులోకి పోయి, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మధ్య పేరుకుంటుంది. మీ ప్రాంతంలోని బుల్ ట్రౌట్ చేప 1999నుంచి అలాస్కా మినహా అమెరికా అంతటా ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మీ రోడ్డు వాగు పక్కన పోతుందా, గట్టు మీద పోతుందా అన్నది కాబట్టి చాలా ముఖ్యం. గట్టు మీది రోడ్డును ఎల్క్ కారణంగానే మూస్తున్నారనుకోండి, సీజన్ గేటు సరిపోతుందని వాదించవచ్చు. వాగును తెంపుతున్న రోడ్డుకు ఆ వాదన నిలవదు.

పెద్దాయన విషయానికి వస్తే, 2005 నాటి ప్రయాణ నిర్వహణ నిబంధనలోనే ఒక వెసులుబాటు ఉంది. చట్టబద్ధంగా కొట్టిన పెద్ద జంతువును తెచ్చుకోవడానికి మాత్రమే, ఎంపికచేసిన రోడ్లనుంచి నిర్ణీత దూరం వరకు వాహనాన్ని అనుమతించే అధికారం స్థానిక అధికారికి ఉంది. అది మీ హక్కు కాదు, అధికారి ఇష్టం. అడగనివారికి ఎవరూ ఇవ్వరు. నడిచేవారికి అనుమతి ఉన్న ప్రతిచోటా, నడవలేనివారి కోసమే తయారై ఇంటిలోపల కూడా వాడదగిన చక్రాల కుర్చీని, బ్యాటరీదైనా సరే, తీసుకెళ్ళవచ్చు. ఏటీవీ ఆ కోవలోకి రాదు. విద్యుత్ సైకిలు కూడా ఫారెస్ట్ సర్వీసు దృష్టిలో మోటారు వాహనమే, చాలామంది ఇక్కడే పొరబడి జరిమానా కట్టారు. ఐడహోలో వికలాంగులైన వేటగాళ్ళకు వాహనంలోంచి వేటాడే అనుమతిపత్రం ఉంది, అది కూడా మూసిన రోడ్డును తెరవదు.

చివరగా గడువు. నేను పాల్గొన్న ప్రాజెక్టులలో, అభిప్రాయాల గడువులోపల ప్రాజెక్టుకు సంబంధించి నిర్దిష్టంగా రాసినవారికే తర్వాత అధికారికంగా అభ్యంతరం చెప్పే అర్హత దక్కింది. వినతిపత్రం మీద సంతకం పెడితే పెట్టండి. మీ పేరుతో విడిగా ఉత్తరం రాయడం మాత్రం మానవద్దు.

సమాధానం 4 (అచ్చంపేటలో పెరిగినవారు)

నేను వేటాడను, వేట అంటే నాకు ఇష్టం కూడా లేదు, అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మా ఊరి దగ్గర మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు శ్రీశైలం రోడ్డును ఆపేస్తారు. నల్లమలలో జంతువులు తిరిగేది ఆ వేళలోనే కాబట్టి పగలు బస్సులు నడుస్తాయి, రాత్రి అడవి అడవిగా ఉంటుంది. చిన్నప్పుడు ఆ గేటు దగ్గర తెల్లవారేదాకా బస్సులో కూర్చుని విసుక్కునేవాళ్ళం. పూర్తిగా మూయడానికీ పూర్తిగా తెరవడానికీ మధ్య సమయాన్ని బట్టి మూయడం అనే మార్గం ఉందని మీ అధికారులకు రాయవచ్చు.

సమాధానం 2 రాసినవారు మళ్ళీ

మూడో సమాధానం చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. గేటుకూ, రోడ్డును దున్నివేయడానికీ తేడా చూపిస్తూ రాయడం మంచిదే. అయితే సీజన్ గేటు కోరేవారు, దాన్ని ఏ తేదీన మూసి ఏ తేదీన తెరవాలో నిర్ణయపత్రంలోనే రాయించుకోవాలి. తేదీ లేని గేటును నేను ఎప్పటికీ నమ్మను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక తెరిచి చూశాను. మా నాలుగు మైళ్ళ రోడ్డు నిజానికి రెండు ముక్కలు, రెండు వేర్వేరు నంబర్లు. మొదటి రెండున్నర మైళ్ళు గట్టు మీద పోతాయి, దాన్ని ఒకటవ స్థాయికి దించుతామన్నారు. చివరి మైలున్నర వాగు పక్కన దిగుతుంది, దాన్ని తీసివేస్తామన్నారు. శనివారం పెద్దాయనను తీసుకొని వెళ్ళి అంతా తిరిగి చూశాం. కింది ముక్కలో రెండు కల్వర్టులు పూర్తిగా పూడిపోయి నీళ్ళు రోడ్డు మీదనుంచే పారుతున్నాయి. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళలోంచే ట్రక్కు నడిపాం గాని, కిందికి దిగి అవి ఎక్కడికి పోతున్నాయో ఒక్కసారైనా చూడలేదు. ఆ మట్టి నీళ్ళు వాగులో కలిసేచోట ఆయన చాలాసేపు నిలబడి, "ఈ ముక్క పోనీ" అన్నారు.

వినతిపత్రం మీద సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మా వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరికి ఇంకా కోపంగానే ఉంది. నా ఉత్తరంలో మూడు విషయాలు రాశాను: వాగు పక్కని మైలున్నరను తీసివేయడానికి మాకు అభ్యంతరం లేదు, గట్టు మీది రోడ్డును ఒకటవ స్థాయికి దించకుండా, ఎల్క్ సీజన్‌కు ముందు మూసి సీజన్ తర్వాత తెరిచే గేటు పెట్టి, ఆ రెండు తేదీలనూ నిర్ణయంలోనే రాయాలి, కొట్టిన జంతువును తెచ్చుకోవడానికి మధ్యాహ్నం వేళలో కొన్ని గంటలు ఆ గేటు తెరిచే అవకాశాన్ని పరిశీలించాలి. కల్వర్టుల ఫొటోలు, రోడ్డు నంబర్లు జతచేశాను. సీజన్‌లో గేటు వేస్తే పెద్దాయన ఆ లోయకు రాలేరని ఆయనకు తెలుసు. గేటు దగ్గరే గుడారం వేసి, గట్టు మొదటి అర మైలులో కూర్చుంటానని ఆయనే అన్నారు. ఉత్తరం కింద నా పేరు పక్కన తన పేరు కూడా రాయమన్నారు. గడువుకు ఇంకా పదకొండు రోజులుంది, రేపే పంపుతున్నాను.