మార్మన్ మిషనరీ కుర్రాళ్లు: పై లీడరు మారితే నడత మారుతుందా?

సీతాఫల్‌మండి:
తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల, ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్ల గురించి ఈ చర్చ. అందరికీ ఒకటే నియమాల పుస్తకం, ఒకటే శిక్షణ. అయినా ఒక మిషన్‌లో (అంటే ఒక ప్రెసిడెంటు కింద ఉండే ప్రాంతంలో) పొద్దున్నే లేచి పద్ధతిగా పనిచేస్తారు, పక్క మిషన్‌లో మధ్యాహ్నం దాకా పడుకుని రాత్రికి లెక్కలు అల్లేస్తారు. మూడేళ్లు తిరిగేసరికి ఈ రెండూ తారుమారు అవుతాయి కూడా. ఇందులో పైవాళ్ల చెయ్యి ఎంత? అది ఏ దారిన పనిచేస్తుంది? లోపలి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. ఈ మతం మంచిదా కాదా అనే పంచాయితీకి వేరే చోట్లు బోలెడున్నాయి, ఇక్కడ వద్దు.

ప్రోవో_పక్కవీధి:
ముందు పేరు సంగతి. 2018 నుంచి ఆ సంఘమే "మార్మన్" అనొద్దంటోంది. తెలుగులో వాళ్ల అసలు పేరు "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము". ప్రతిసారీ అంత పేరు రాయలేం కాబట్టి ఇక్కడికి మార్మన్ అనే అనుకుందాం.

మూడేళ్ల లెక్క మీరు సరిగ్గానే పట్టుకున్నారు. మిషన్ ప్రెసిడెంటూ ఆయన భార్యా మూడేళ్లకని వస్తారు, జూలై మొదట్లో మారతారు. జీతం లేదు, ఇంటి ఖర్చులు సంఘం చూసుకుంటుంది. ఆయన కింద వందా రెండొందల మంది పిల్లలు. మగపిల్లలకు 24 నెలలు, ఆడపిల్లలకు 18 నెలలు. ప్రెసిడెంటుకు ఇద్దరు అసిస్టెంట్లు, తర్వాత జోన్ లీడర్లు, ఆడపిల్లలను చూసే సిస్టర్ ట్రైనింగ్ లీడర్లు, వాళ్ల కింద రెండు మూడు నాలుగు జంటలకో డిస్ట్రిక్ట్ లీడర్.

బయటివాళ్లకు తట్టనిది ఒకటుంది. ప్రెసిడెంటుకూ ఆఖరి కుర్రాడికీ మధ్య ఉన్న ఈ మెట్లన్నిటి మీదా నిలబడేది ఇరవై ఏళ్ల పిల్లలే. పెద్దవయసు దంపతులు కొందరు ఉంటారు గానీ వాళ్లు ఆఫీసు, వైద్యం, అద్దె ఇళ్ల పనులు చూస్తారు, అజమాయిషీ వాళ్లది కాదు. ఎవరు లీడరు, ఎవరికి ఎవరు జంట, ఏ ఊరు అన్నది ఆరు వారాలకోసారి ప్రెసిడెంటు తేలుస్తాడు. దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. అంటే ఒక మనిషి ఇష్టాయిష్టాలు ఆరు వారాలకోసారి మిషన్ మొత్తానికి తెలిసిపోతుంటాయి. ఎవరిని పైకెక్కించాడో చూసి మిగతావాళ్లు తమ నడత దిద్దుకుంటారు.

లెక్కల_మాస్టారు:
నన్నడిగితే అసలు మీట లెక్కలే. పాత పద్ధతి చూడండి. ఆదివారం రాత్రి ప్రతి జంటా ఆ వారం అంకెలు డిస్ట్రిక్ట్ లీడర్‌కు ఫోన్లో చెబుతుంది. ఆయన కూడి జోన్ లీడర్‌కు, జోన్ లీడర్ అసిస్టెంట్లకు, వాళ్లు ప్రెసిడెంటుకు. ఇప్పుడు యాప్‌లో నొక్కుతారు గానీ అడిగే గొంతు అదే. 2017 దాకా తొమ్మిది రకాల అంకెలు అడిగేవారు, ఆ జనవరి నుంచి నాలుగుకు తగ్గించారు: బాప్తీస్మం పొందినవాళ్లు, బాప్తీస్మానికి తేదీ ఖాయమైనవాళ్లు, ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లు, కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లు.

ఈ అంకెలన్నీ ఒక రకం కావని గమనించాలి. "ఎన్ని పాఠాలు చెప్పారు" అన్నది జంట తప్ప మరొకరు చూడని అంకె. గుమ్మంలో రెండు నిమిషాలు మాట్లాడి ప్రార్థన చేస్తే అదీ పాఠమే. పది అడిగితే పది వస్తాయి, ఇరవై అడిగితే ఇరవై. ఆరాధనకు ఎవరొచ్చారన్నది ఊళ్లో సభ్యులంతా చూస్తారు కాబట్టి అందులో కల్పన చెల్లదు. ప్రెసిడెంటు మొదటి రకం అంకెను సమావేశంలో పేరుపెట్టి చదవడం మొదలెట్టాడా, రెండు ట్రాన్స్‌ఫర్లలో మిషన్‌ అంతా అబద్ధం అలవాటవుతుంది. ఎవరూ అబద్ధమాడాలని అనుకోరు. అర్థాన్ని కాస్త సాగదీస్తారంతే.

దీనికి పెద్ద ఉదాహరణ ఇంగ్లండు. 1958 నుంచి 62 దాకా అక్కడి బ్రిటిష్ మిషన్‌కు టి. బౌరింగ్ వుడ్‌బరీ ప్రెసిడెంటు. పైన, సంఘం కేంద్రమైన సాల్ట్ లేక్‌లో, మిషనరీ పని చూసింది ప్రథమ అధ్యక్షత్వంలోని (అంటే సంఘం అధ్యక్షుడూ ఆయన సలహాదారులూ) హెన్రీ డి. మోయిల్. పైనుంచి కిందిదాకా లక్ష్యాలు, పోటీలు. కుర్రాళ్లు బేస్‌బాల్ జట్లు పెట్టి ఇంగ్లిషు పిల్లల్ని చేర్చుకుని, జట్టులో చేరడానికి ఇదో తంతు అన్నట్టు బాప్తీస్మాలు ఇచ్చారు. తల్లిదండ్రుల్లో చాలామందికి దేనికి సంతకం పెట్టారో తెలియదు. ఆ తర్వాత ఆ పిల్లలు గుడి మొహం చూడలేదు. 1962లో అక్కడికి ప్రెసిడెంటుగా వచ్చిన మేరియన్ డి. హ్యాంక్స్ ఆ పోకడకు అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. "బేస్‌బాల్ బాప్తీస్మాలు" అన్న మాట వాళ్లలో ఇప్పటికీ సామెతలా వాడతారు. 1980 దరిదాపుల్లో టోక్యో సౌత్ మిషన్‌లోనూ ఇదే కథ. కొత్తవాళ్లను, కలిసిన కొద్ది రోజుల్లోనే, కొన్నిసార్లు అదే రోజు నీళ్లలో ముంచారు. రెండు చోట్లా పిల్లలు మంచివాళ్లే, కష్టపడ్డవాళ్లే. అడిగింది తెచ్చిచ్చారు.

గోదారోడు:
మాస్టారూ, లెక్కలతోనే అంతా అయిపోతే 2017 తర్వాత అన్ని మిషన్లూ ఒక్కలా ఉండాలి కదండీ. లేవు. నా మటుకు తేడా అంతా ట్రైనర్ దగ్గరుంది. కొత్తగా వచ్చినవాడికి మొదటి 12 వారాలు, అంటే రెండు ట్రాన్స్‌ఫర్లు, ఒకడే జత. వాడే ట్రైనర్. ఇంటినుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి "మిషన్ అంటే ఇది" అని తెలిసేది పుస్తకం వల్ల కాదు, వీడి వల్ల.

పొద్దున ఆరున్నర చూడండి చాలు. అలారం మోగుతుంది. ట్రైనర్ లేచి దుప్పటి మడిచి అరగంట వ్యాయామం మొదలెడితే కొత్తవాడు కళ్లు నులుముకుంటూ లేస్తాడు. ట్రైనర్ చెయ్యి చాపి స్నూజ్ నొక్కి అటు తిరిగి పడుకున్నాడనుకోండి, కొత్తవాడు రెండ్రోజులు బెరుకుగా కూర్చుని చూస్తాడు, మూడోరోజు తనూ పడుకుంటాడు. ఏడాది తిరక్కుండా వాడే ట్రైనర్ అవుతాడు. అలా ఒక బద్ధకపు ట్రైనర్ నుంచి ముగ్గురు నలుగురు పుట్టుకొస్తారు. వాళ్లలో వాళ్లు ట్రైనర్‌ని "తండ్రి" అనీ కొత్తవాణ్ణి "కొడుకు" అనీ సరదాగా పిలుచుకోవడం ఉత్తినే కాదు. విత్తనం ఎలాంటిదో మొలకా అలాంటిదే.

ప్రోవో_పక్కవీధి:
గోదారోడు గారి మాటకు ఒక చేర్పు. ట్రైనర్‌ని ఎంచడంలో ప్రెసిడెంట్లు చేసే మామూలు తప్పు, దాన్ని మెట్టుగా వాడటం. ట్రైనర్, తర్వాత డిస్ట్రిక్ట్ లీడర్, తర్వాత జోన్ లీడర్, తర్వాత అసిస్టెంటు అనే నిచ్చెన పిల్లల బుర్రల్లో ఉంటుంది. ఇంటికి రాసే ఉత్తరాల్లోనూ అదే. అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి తర్వాతి ట్రాన్స్‌ఫర్‌లో మారుమూల ఊరికి మామూలు జంటగా పంపే ప్రెసిడెంట్లు ఉన్నారు. అలా రెండుసార్లు జరిగితే నిచ్చెన విరిగిపోతుంది. మిషన్ చివర్లో ట్రైనర్‌గా పెట్టడమూ మంచిదే, కానీ అప్పటికే పెట్టె సర్దుకున్న మనసుతో ఉన్నవాడికి ఇస్తే కొత్తవాడు నష్టపోతాడు.

2012 అక్టోబరులో మిషన్‌కు వెళ్లే వయసు తగ్గించినప్పుడు ఇది బాగా బయటపడింది. ఏడాది చిల్లరలో మిషనరీలు 58 వేల నుంచి 83 వేలు దాటారు. 2013లో ఒక్కసారే 58 కొత్త మిషన్లు తెరిచారు. అంతమంది కొత్తవాళ్లకు అంతమంది పాత ట్రైనర్లు ఎక్కడినుంచి వస్తారు? నాలుగైదు నెలల అనుభవం ఉన్నవాడి చేతిలో కొత్తవాణ్ణి పెట్టక తప్పలేదు. ఆడపిల్లలు అంతమంది వచ్చాకే, 2013లో, సిస్టర్ ట్రైనింగ్ లీడర్లను పెట్టి మిషన్ లీడర్‌షిప్ కౌన్సిల్‌లో కూర్చోబెట్టారు. అంతకు ముందు ఆ గదిలో మగపిల్లలే ఉండేవాళ్లు. ఆడపిల్లల బాధ మగ జోన్ లీడర్ నోటివెంట పైకి చేరాల్సి వచ్చేది. ఏమాత్రం చేరేదో ఊహించుకోండి.

సీతాఫల్‌మండి:
బద్ధకం, దొంగలెక్కలు అర్థమయ్యాయి. వెకిలి పనుల మాటేమిటి? వాటికి పైవాడేం చేస్తాడు?

పాత_సైకిలు:
వెకిలి పనులు పైవాళ్ల కంటికి దూరంలో పుడతాయి. తెలిసినవి రెండు. 1972లో థాయ్‌లాండ్‌లో ఒక కుర్రాడు బుద్ధ విగ్రహం తలమీద కూర్చుంటే జంటవాడు ఫోటో తీశాడు. ఫిల్ము కడగడానికిచ్చిన చోటినుంచి ఫోటో పత్రికకెక్కింది, ఇద్దరూ జైలుకెళ్లారు. రెండోది కొలరాడోలోని శాన్ లూయిస్. 2006లో అక్కడి కాథలిక్ పుణ్యస్థలంలో ముగ్గురు వెక్కిరింపు ఫోటోలు దిగారు, విరిగిన విగ్రహం తల చేత్తో పట్టుకుని కూడా. 2008లో అవి ఇంటర్నెట్‌లో ఎవరి కంటనో పడ్డాకే బయటికొచ్చాయి, సంఘం క్షమాపణ చెప్పింది. మిషన్ ఆఫీసు ఉండే కొలరాడో స్ప్రింగ్స్ నుంచి ఆ ఊరు రెండొందల కిలోమీటర్లకు పైనే.

రెండిటిలోనూ ఎదుటివాడి పవిత్ర వస్తువు కుర్రాళ్ల కంటికి ఆటబొమ్మ అయింది. ఇంట్లో ఎవరూ నేర్పలేదు, శిక్షణ కేంద్రంలో భాష నేర్పారు, పాఠాలు నేర్పారు. ఊళ్లో గుడి ముందు ఎలా నిలబడాలో నేర్పాల్సింది స్థానిక లీడరే. మనవైపు అయితే గుడిమెట్ల దగ్గర చెప్పులు విప్పడం, ప్రసాదం ఇస్తే ఎలా మర్యాదగా వద్దనాలి, హారతి పళ్లెం ముందుకు వస్తే ఏం చెయ్యాలి, ఇవి మొదటి వారంలోనే చెప్పాల్సినవి.

దూరానికి మందు పర్యవేక్షణే, అది కూడా రకం చూసి వాడాలి. ఎక్స్‌ఛేంజ్ అన్నది మంచి పద్ధతి: లీడరూ కింది కుర్రాడూ ఒకరోజంతా జంట మార్చుకుని తిరుగుతారు. పొద్దున లేవడం నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా పక్కనే ఉంటే దాచడానికి ఏమీ ఉండదు. ముందే తేదీ చెబితే ఇల్లు శుభ్రం చేసి కూర్చుంటారు, చెప్పకపోతే నమ్మకం పోతుంది. తేదీ చెప్పి, గంట ముందే వెళ్లడం మధ్యేమార్గం. ఇల్లు తనిఖీ చేసేటప్పుడు ఫ్రిజ్జు, స్టవ్వు దగ్గర కాదు చూడాల్సింది. చదువుకునే బల్ల చూడండి. బల్లమీద బట్టలు పోగు పడి ఉంటే పొద్దుటి చదువు ఆగి కొన్ని వారాలైనట్టే.

యంత్రంతో కాపలా వేరే రకం. ఉత్తర అమెరికాలో మిషన్ కార్లకు టివీ (Tiwi) అనే పరికరం పెట్టారు, వేగం దాటితే బిగ్గరగా చెబుతుంది, ఆఫీసుకూ చేరుతుంది. కారు వేగం తగ్గింది, నిజమే. కానీ పరికరం ఉన్నచోటే బుద్ధిగా ఉండటం అలవాటైతే సైకిలెక్కిన రోజున పాత మనిషే.

లెక్కల_మాస్టారు:
పాత సైకిలు గారూ, "చదువు బల్ల చూడండి" అన్నది బాగుంది. దీనికో లెక్క జోడిస్తా. ప్రెసిడెంటు ప్రతి పిల్లవాడితో విడిగా మాట్లాడాలి. రెండొందల మంది, మనిషికి పావుగంట వేసుకున్నా యాభై గంటలు. ప్రయాణాలు వేరే. అందుకే చాలామంది ఆ పావుగంటనీ అంకెలతో నింపేస్తారు, ఎందుకంటే అంకెలు చేతిలో ఉంటాయి. "తేదీ ఖాయమైనవాళ్లు ఎందరు" అని మొదలెట్టిన మాటల్లో పిల్లవాడు తన జంట మూడు వారాలుగా మాట్లాడటం లేదని ఎప్పుడు చెబుతాడు?

ప్రోవో_పక్కవీధి:
పనికొచ్చే ప్రశ్నలు నాలుగు చెబుతాను, ఇవి లీడర్లందరికీ పనికొస్తాయి. "నీ జంట ఈ వారం బాగా చేసిన పనేమిటి?" సమాధానానికి పది సెకన్లు పట్టిందంటే ఇంట్లో గొడవ ఉంది. "పొద్దున చదువులో ఎక్కడున్నావు?" పేజీ చెప్పలేకపోతే చదవడం లేదు. "ఇంట్లో ఎలా ఉన్నారు?" 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి ఫోన్ చెయ్యనిస్తున్నారు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. ఇంటి బెంగ ఇప్పుడు ముందే తెలుస్తుంది, లీడరు అడిగితే. ఇక నాలుగోది: "నేను ఏం మార్చుకోవాలి?" దీన్ని అడిగే లీడరు దొరకడమే అరుదు.

వారానికోసారి ప్రెసిడెంటుకు రాసే ఉత్తరం ఇంకో దారి. దానికి జవాబు రెండు వాక్యాలైనా వస్తే పిల్లలు నిజాలు రాస్తారు. రాకపోతే నెలలోపే "అంతా బాగుంది" ఉత్తరాలు మొదలవుతాయి.

తప్పు బయటపడ్డాక ఏం జరుగుతుందన్నదీ నడతను మారుస్తుంది. మందలించడం, జంట మార్చడం, ఊరు మార్చడం, ఆఖరికి ఇంటికి పంపడం. ఇంటికి పంపడమనేది ప్రెసిడెంటు ఒక్కడి చేతిలో లేదు, పైనుంచి అనుమతి కావాలి. ఈ సంఘంవాళ్లు ఎక్కువగా ఉండే యూటాలో గడువుకు ముందే తిరిగొచ్చిన కుర్రాడి పరిస్థితి మన దగ్గర పెళ్లి చెడి పుట్టింటికొచ్చిన పిల్ల పరిస్థితిలాంటిది, చుట్టుపక్కల గుసగుసలు తప్పవు. చిన్న తప్పు చెప్పుకున్నా ఆ చివరి మెట్టే గుర్తొచ్చేలా మాట్లాడే ప్రెసిడెంటు దగ్గరికి తప్పులు రావు. పెద్దవైపోయాకే వస్తాయి.

గోదారోడు:
తొందరపాటు బాప్తీస్మాలకు ఒక కళ్లెం ఉంది, మాస్టారు చెప్పలేదు. బాప్తీస్మానికి ముందు ఇంటర్వ్యూ చేసేది నేర్పిన జంట కాదు, డిస్ట్రిక్ట్ లీడర్. నేర్పిందే ఆయనైతే జోన్ లీడర్ చెయ్యాలి. ఆ మనిషి పలుమార్లు ఆరాధనకు వచ్చి ఉండాలి. బిషప్ (స్థానిక సంఘం పెద్ద) ముందే కలవాలి గానీ ఇంటర్వ్యూ ఆయనది కాదు. ఎక్కడ తెగుతుందంటే, డిస్ట్రిక్ట్ లీడర్ లెక్కలోకీ ఆ బాప్తీస్మమే పడుతుంది. తన అంకె తనే ఆపాలన్నమాట. "ఇంకో రెండు వారాలు ఆగండి" అన్న లీడర్‌ని ప్రెసిడెంటు వెనకేసుకొస్తే ఇంటర్వ్యూకు విలువ ఉంటుంది. నెలాఖరు సమావేశంలో వాణ్ణే "నీ జోన్ ఎందుకు తగ్గింది" అంటే మళ్లీ ఎవడూ ఆపడు.

మన హైదరాబాదులో ఇంకో కాపలా ఉంది. సమోవాలో ఈ సంఘంలో చేరిన ఒక తెలుగు కుటుంబం 1978లో వచ్చి ఇక్కడ తమ బంధువులు 22 మందికి బాప్తీస్మం ఇప్పించడంతో మొదలైంది ఇక్కడి కథ. 2012లో దేశంలోనే మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సమూహం) హైదరాబాదులోనే పెట్టారు. తలుపులు తట్టడం కన్నా పరిచయాల మీదే పని నడిచే చోటు కాబట్టి, కుర్రాడు తప్పుగా నడిస్తే ముందు చూసేది జోన్ లీడర్ కాదు, రాత్రి భోజనానికి పిలిచిన పిన్నిగారు. వార్డు కౌన్సిల్‌లో (స్థానిక సంఘం పెద్దల సమావేశంలో) ఆవిడ మాట ప్రెసిడెంటు దాకా వెళ్లే దారి ఉంటే చాలు, సగం తనిఖీలు అక్కర్లేదు.

సీతాఫల్‌మండి:
ఒక చిన్న సందేహం. తెలుగు కుర్రాళ్లలో వయసు లెక్క అడ్డురాదా? ఇరవై మూడేళ్లవాడికి పంతొమ్మిదేళ్ల లీడరు...

గోదారోడు:
వస్తుంది. పేరుబిళ్ల మీద అందరికీ "ఎల్డర్" అనే, పక్కన ఇంటిపేరు. అన్నా, తమ్ముడూ అన్న వరస పైకి మాయమవుతుంది గానీ లోపల పోదు. తెలివైన చిన్న లీడరు పెద్దవాడికి నలుగురిలో ఏమీ చెప్పడు, ఎక్స్‌ఛేంజ్ రోజు బస్‌స్టాపులో పక్కపక్కన నిలబడ్డప్పుడు చెబుతాడు. తెలివితక్కువవాడు వాట్సాప్ గ్రూపులో పెడతాడు.

లెక్కల_మాస్టారు:
గ్రూపులో పెట్టినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి ప్రెసిడెంటుకు పంపేవాడు మూడో రకం. వాడే వచ్చే ట్రాన్స్‌ఫర్‌లో జోన్ లీడర్ అయ్యాడంటే ఆ మిషన్ సంగతి ఇక అడగక్కర్లేదు.