సమస్య: "లాభమున్నచోట లాభమేది"

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య ఒక అవసరంలోంచి పుట్టింది. చిత్తూరు వైపు పాల సంఘం లెక్కలు చూసే మన సభ్యురాలు వార్షిక నివేదిక రాస్తూ ఒకచోట ఆగిపోయారు. ఒక పక్క రూపాయల్లో మిగిలింది ఉంది. ఇంకో పక్క అంకెలకు పూర్తిగా అందనివి ఉన్నాయి: పాల డబ్బు ఆడవాళ్ల ఖాతాలోనే పడటం, వడ్డీకి అప్పు తేకుండా పిల్లల ఫీజు కట్టుకోవడం లాంటివి. రెంటికీ కలిపి శీర్షికగా ఒక మాట కావాలి. 'సామాజిక, ఆర్థిక ప్రయోజనాలు' అంటే ఆఫీసు కాగితంలా ఉందని ఆవిడ బాధ.

ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చిందే, మిగతా మూడూ మీరు పూరించాలి. పూరణలో ఆ మాట దొరికితే మరీ సంతోషం.

సభ్యుడు, చంద్రగిరి:
పాల కొలతలోన పాడి దప్పినవాడు
మేడ గట్టెగాని మేలు లేదు;
ఊరి మేలు నెరుగకుండిన బేహారి
లాభమున్నచోట లాభమేది?

నిర్వాహకుడు:
'పాడి దప్పినవాడు' చాలా బాగుంది. పాడి అంటే న్యాయమూ అవును, పశువుల పాడీ అవును. గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. అయితే మూడు పాదాల్లో 'మేలు' రెండుసార్లు వచ్చింది. పైగా సమస్యను ఒప్పుకున్నారే తప్ప విప్పలేదు. దొంగ వ్యాపారి లాభం ఊరికి లాభం కాదని అందరికీ తెలిసిందే కదా.

సభ్యుడు, శ్రీకాళహస్తి:
మా కలంకారీ పనిలో 'పుణ్యం, పురుషార్థం రెండూ' అనే మాట తరచూ వింటాం. నాకు అది నచ్చదు.
దానమునకు వేరు ధర్మమైనది కూలి;
చేతిపనికి వెలయె చెల్లకున్న
పుణ్యమనెడి పేర పూలదండలు వేయు
లాభమున్నచోట లాభమేది?
వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారం బిగించి కట్టిన కలంతో గీత తరువాత గీత గీస్తాం. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. రంగు రంగుకూ ఉతుకు. ఇంత పనికి కావలసింది సరైన వెల. శాలువా కప్పితే సరిపోదు.

నిర్వాహకుడు:
ఈ పద్యం నన్ను చాలాసేపు పట్టి నిలిపింది. 'దానమునకు వేరు ధర్మమైనది కూలి' అన్న పాదం విడిగా కూడా నిలుస్తుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టమంటోంది. అది మంచిదే. కానీ ఆ ఖర్చు లాభం వచ్చాక జరిగేది. ఆ లాభం ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న. మీ పద్యం సరిగ్గా అదే అడిగింది.

సభ్యురాలు, పాకాల:
ఒకటి యనక కొలుతు రొగి లాభమనుచును
కుంచ మెత్తి మొదట గూలివారు;
వారి పాలి కేమి వచ్చెనో చెప్పుడు
లాభమున్నచోట లాభమేది?

సభ్యుడు, చంద్రగిరి:
అమ్మా, దండం! కళ్లంలో కొలిచేటప్పుడు 'లాభం, రెండు, మూడు' అని లెక్కపెట్టడం మా తాత దగ్గర విన్నాను. నోటితో లాభం అనేవాడికే లాభం లేదన్నారు. సమస్య విడిపోయింది.

నిర్వాహకుడు:
నాదీ అదే మాట. 'లాభం' అన్న పదాన్నే కొలతలో మొదటి అంకెగా పట్టుకోవడం అసలైన పూరణ. 'ఒగి' మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. ఇలా మార్చవచ్చేమో చూడండి:
ఒకటి యనక లాభ మొదవుగాకని యెంచి
కుంచ మెత్తినారు కూలివారు;
మిగతా రెండు పాదాలు ముట్టుకోనక్కరలేదు.

సభ్యురాలు, పలమనేరు:
పాలు పోయువారె పాలుదారులు గాగ
నుభయతారక మగు నూరికెల్ల;
నడుమ నిలిచి తినెడి నాటి దళారికి
లాభమున్నచోట లాభమేది?
నేను ఇచ్చే మాట 'ఉభయతారకం', అంటే రెండు వైపులా మేలు చేసేది. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీని తలుచుకుని రాశాను. అందులో వాటాదారులు పాలు పోసే ఆడవాళ్లే.

సభ్యుడు, శ్రీకాళహస్తి:
పాలు, పాలుదారులు! చాలా సహజంగా పడింది. కానీ 'ఉభయతారకం' మాట ప్రతి కంపెనీ తన ప్రకటనలో వాడేసుకుంటే?

నిర్వాహకుడు:
ఆ భయం నిజమైనదే. ఇంగ్లీషులో అలాగే జరిగింది. 1994లో బ్రిటిష్ రచయిత జాన్ ఎల్కింగ్టన్ 'ట్రిపుల్ బాటమ్ లైన్' అన్న మాట తెచ్చాడు. పద్దు చివర గీత కింద డబ్బు ఒక్కటే కాదు, మనుషులకూ భూమికీ ఏమైందో కూడా చూపాలన్నది ఉద్దేశం. అది లెక్కల పద్ధతిగా మాత్రమే మిగిలిపోతోందని 2018లో ఆయనే ఆ మాటను వెనక్కి పిలిచి, మళ్లీ ఆలోచించాలన్నాడు.

అందుకే పలమనేరు వారి మొదటి పాదం నాకు ముఖ్యం. పాలు పోసేవారే పాలుదారులైతే డబ్బూ మేలూ ఒకే గడపకు చేరతాయి. ఉత్పత్తిదారుల కంపెనీలకు మన చట్టంలో 2002లో చోటు దొరికింది. సభ్యులు స్వయంగా ఉత్పత్తిదారులై ఉండాలన్నది అందులో మూలం. అలాంటి చోట 'ఉభయతారకం' అనడానికి హక్కుంది. లాభం ఒకరిది, మేలు ఇంకొకరిది అయినప్పుడు ఒక్క మాటలో కలిపితే ఎవరికి ఎంత దక్కిందో కనబడదు. అక్కడ రెండు మాటలే వాడాలి.

సభ్యురాలు, చిత్తూరు (నివేదిక రాస్తున్నవారు):
అందరికీ నమస్కారం. శీర్షిక 'ఉభయతారకం' అనే పెడుతున్నాను. మాలో పాలు పోయని వాటాదారులు లేరు. కింద ఎలా చూపించమంటారు?

నిర్వాహకుడు:
రెండు వరుసలు పెట్టండమ్మా. ఒకదానికి 'చేతికి వచ్చింది', రెండోదానికి 'ఊరికి జరిగింది' అని రాయండి. రెండోదానికి రూపాయల్లో విలువ కట్టకండి. ఎంతమంది పేరున ఖాతా ఉంది, పాల డబ్బు ఎన్ని రోజులకొకసారి పడుతోంది, ఎంతమంది చేబదులు మానేశారు, ఇవి ఉన్నవి ఉన్నట్టు రాస్తే చాలు. సర్వసభ్య సమావేశంలో చదివేటప్పుడు పలమనేరు వారి పద్యం కూడా చదవండి, వారు అనుమతిస్తే.

సభ్యురాలు, పలమనేరు:
తప్పకుండా చదవండి అక్కా.