అప్‌డేట్: మసకబారిన హెడ్‌లైట్లకు వాటర్ పేపర్ పట్టాను

పాత కారు హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి, టూత్‌పేస్ట్‌తో రుద్దితే చాలా, కొత్తవి వేయించాలా అని అడిగాను కదా. వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టమని ఎక్కువమంది చెప్పారు. హనుమకొండలో ఇంటి ముందే పని కానిచ్చాను.

టూత్‌పేస్ట్‌ను కూడా ఒక వైపు పరీక్షించాను. మెరిసింది, కొద్ది రోజులకే మళ్లీ మసక. హెడ్‌లైటు ముందుండే ఈ అద్దం నిజానికి గాజు కాదు, పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. దానిపై ఉండే రక్షణ పూతను ఎండలోని అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. ఆ పాడైన పూత మొత్తం ఊడితేగాని లాభం లేదు. ఓరుగల్లు ఎండ సంగతి మనకు చెప్పాలా!

చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు అంటించి, 800 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు వెళ్లాను (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). నీళ్లు చిలకరిస్తూనే ఉండాలి. కారే నీటిలో పసుపు పోయి తెల్లగా వచ్చేదాకా మొదటి కాగితాన్ని వదలకండి, అసలు కిటుకు అదే. ఆ దశలో అద్దం మునుపటికన్నా ఘోరంగా కనిపిస్తుంది. మా అమ్మ చూసి, "ఉన్న వెలుతురు కూడా పోగొట్టావురా" అంది. 3000 తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ (మెరుగు పెట్టే పేస్టు) పడితే తేటబడింది.

చివర్లో యూవీ క్లియర్ కోట్ (అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పారదర్శక పూత) స్ప్రే చేశాను. ఖర్చెందుకని ఇది మానేస్తే పూత లేని ప్లాస్టిక్ మళ్లీ త్వరగా పచ్చబడుతుంది.

రాత్రి కరీంనగర్ రోడ్డు మీద గుంతలు ముందే కనిపిస్తున్నాయి. కుడి లైటు లోపల మాత్రం చెమ్మ ఉంది. బయట ఎంత రుద్దినా అది పోదు, సీలు విప్పాల్సిందే. ఆ పని మెకానిక్‌కు వదిలేస్తున్నాను.