డబ్బాలన్నీ మ్యాప్‌లో ఉన్నాయి, అయినా కుప్పలు ఆగడం లేదు

వార్డు ప్లానింగ్:
ఒక వార్డులోని చెత్త డబ్బాలన్నిటికీ ఫోన్ జీపీఎస్‌తో పాయింట్లు తీసి క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాం. ఒక్కో డబ్బా చుట్టూ 100 మీటర్ల బఫర్ (అంత దూరం వరకూ వలయం) వేస్తే వార్డులో ఖాళీ అన్నదే లేదు. అయినా సందుల మొదట్లో కుప్పలు పడుతూనే ఉన్నాయి. రూటింగ్ సాఫ్ట్‌వేర్ చూపిన దారిలో చాలాచోట్ల బండి పట్టడం లేదు. ఇంకా ఏ డేటా కావాలి?

జీఐఎస్ టెక్:
బఫర్ గుండ్రంగా పరుచుకుంటుంది, మనిషి రోడ్డు వెంట నడుస్తాడు. మధ్యలో కాలువో, రైలు కట్టో, పొడవాటి ప్రహరీయో ఉంటే మ్యాప్‌లో 80 మీటర్లున్న డబ్బా నడకలో 400 మీటర్లు కావొచ్చు. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ అనాలిసిస్ కింద ‘సర్వీస్ ఏరియా’ ఉంటుంది, దాన్ని రోడ్ల లేయర్ మీద నడపండి. డబ్బాకు 100 మీటర్ల లోపున్న రోడ్డు ముక్కలు గీతలుగా వస్తాయి. మిగిలిన రోడ్ల మీద కుప్పల పాయింట్లు వేసి చూస్తే కొత్త డబ్బా ఎక్కడ కావాలో తేలుతుంది.

దానికి ముందు లేయర్లను ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ, రేఖాంశాల పద్ధతి) నుంచి మీ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి (మీటర్లలో కొలిచే పద్ధతి) రీప్రొజెక్ట్ చేయాలి, ఎందుకంటే 4326లో కొలత డిగ్రీల్లో ఉంటుంది. చేత్తో గీసిన సందులకు స్నాపింగ్ (గీతల కొసలను ఒకదానికొకటి అతికించడం) తప్పనిసరి. కొస అర మీటరు ముందే ఆగితే కంటికి కలిసినట్టే ఉంటుంది, నెట్‌వర్క్‌లో మాత్రం దారి తెగిపోతుంది.

రూట్ డెస్క్:
దారులు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఓఎస్‌ఆర్‌ఎంను మామూలు కారు ప్రొఫైల్‌తో నడిపితే కారు పట్టే సందులన్నీ లారీకీ పడతాయనుకుంటుంది. ప్రతి సందుకూ వెడల్పు కాలమ్ పెట్టండి. సందు మొదట్లో కాదు, కరెంటు స్తంభమో, ఇంటి మెట్లో పొడుచుకొచ్చిన ఇరుకైన చోట కొలవాలి. బండి వెడల్పును అద్దాలతో కలిపి తీసుకోండి. అవతలికి దారి లేని సందులను విడిగా గుర్తించాలి, అక్కడ బండి రివర్సులో రావాలి.

డబ్బా రోడ్డుకు ఏ పక్కన ఉందో కూడా రాయండి. లేకపోతే డివైడర్ ఉన్న రోడ్డులో కార్మికులు ట్రాఫిక్‌కు అడ్డంపడి దాటాల్సి వస్తుంది. ఓఎస్‌ఆర్‌ఎంలో ‘అప్రోచెస్’ అనే సెట్టింగుకు ‘కర్బ్’ ఇస్తే బండి డబ్బా ఉన్న పక్కకే చేరుతుంది. రెండు కిలోమీటర్లు పెరిగినా సరే, దీన్ని వదలకండి.

ఏ బండి ఏ డబ్బాలకు ఏ వరసలో వెళ్లాలో తేల్చే వ్రూమ్ సాఫ్ట్‌వేర్‌లో బండి సామర్థ్యాన్ని బరువు, ఘనపరిమాణం రెండిట్లోనూ ఇవ్వండి. తడి చెత్తయితే తొట్టి నిండకముందే బరువు దాటిపోతుంది. అట్టపెట్టెలైతే బరువెక్కకుండానే తొట్టి నిండుతుంది.

ఫీల్డ్ సర్వే:
బండి ట్రాకర్ ఎన్ని సెకన్లకోసారి పాయింటు నమోదు చేస్తుందో చూడండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో 30 సెకన్లకు 125 మీటర్లు దాటుతుంది, చిన్న సందుకు వెళ్లొచ్చినా రికార్డులో ఉండదు. 5 సెకన్లు పెడితే 21 మీటర్లకో పాయింటు వస్తుంది. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి రావడంతో పాయింటు పక్క వీధిలో పడొచ్చు. అందుకే డబ్బా మీద నంబరు వేసి, క్యూఫీల్డ్ (క్యూజీఐఎస్‌కు ఫోన్ యాప్) ఫారంలో నంబరు, వీధి పేరు రెండూ నింపించండి.

డబ్బా ఎంత నిండిందో ఎత్తడానికి కాస్త ముందు రాయాలి. 100 శాతం అని వదిలేస్తే పొర్లిపడిన చెత్త లెక్కలోకి రాదు, దానికి వేరే గడి పెట్టండి.

వార్డు ప్లానింగ్:
ఆ నింపుడు లెక్క ఎన్నాళ్లు తీయాలి?

ఫీల్డ్ సర్వే:
వరసగా 7 రోజులకు తగ్గొద్దు, సెలవు రోజుల చెత్త తీరే వేరు. పండగ వారాన్ని మాత్రం ఇందులో కలపకండి, దాన్ని విడిగా తీయండి.