పాత హాంకాంగ్ ఫైట్లలో ప్రతి దెబ్బా అంత స్పష్టంగా ఎలా కనపడుతుంది?

అర్ధరాత్రి ఆట:
జాకీచాన్ 'పోలీస్ స్టోరీ' (1985) మళ్ళీ చూశా. చివర్లో షాపింగ్ మాల్ ఫైట్ ఉంది కదా, ఎవరు కొట్టారు, ఎక్కడ తగిలింది, ఏ అద్దం పగిలింది, అన్నీ తెలుస్తున్నాయి. వెంటనే ఈమధ్య వచ్చిన ఓ పెద్ద సినిమా ఫైట్ పెట్టుకుంటే కెమెరా ఊగడం తప్ప ఏమీ కనపడలేదు. అప్పట్లో కట్స్ లేకుండా తీసేవాళ్ళా?

పాతసామాను:
వాళ్ళకి కొట్టడం వచ్చు. మనవాళ్ళకి రోప్ (తాడు కట్టి గాల్లో ఎగరేయడం) వచ్చు. అంతే తేడా.

కత్తెర:
రోప్‌ని అంత తీసిపారేయకండి. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి నా కళ్ళు ముందు అతుకు మీదికే పోతాయి. జాకీ సినిమాల్లో కట్స్‌కి కొదవేం లేదు, కిటుకంతా వాటిని అతికే చోట ఉంది. దూరం షాట్‌లో కాలు లేచి ఛాతీకి తగులుతుంది. దాని వెనక వచ్చే దగ్గరి షాట్‌ని తగిలిన ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టరు, రెండు మూడు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెడతారు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి ఆ దొంగతనం మనకి తెలియదు. కానీ దెబ్బ రెండుసార్లు పడుతుంది, బరువు పెరుగుతుంది. ఇప్పటి ఫైట్లలో సరిగ్గా తగిలే క్షణానే కట్ చేసి, దెబ్బని సౌండ్‌కి వదిలేస్తున్నారు.

హాంకాంగ్ కుంగ్‌ఫూ డైరెక్టర్ లౌ కార్-లియంగ్ దారి వేరు. ఆయన తండ్రి గురువు లామ్ సాయ్-వింగ్, ఆ లామ్‌కి గురువు పేరుమోసిన కుంగ్‌ఫూ యోధుడు వాంగ్ ఫే-హుంగ్. అంటే అది ఇంట్లో నడిచిన విద్య. అందుకే ఆయన తీసిన '36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' (1978)లో మనిషి తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉంటాడు. కాళ్ళు ఎలా పెట్టాడో కనపడకపోతే ఆ విద్య చూపించినట్టే కాదు.

అర్ధరాత్రి ఆట:
మరి డైరెక్టర్ కింగ్ హూ సినిమాల్లో మనుషులు గాల్లో ఎగురుతారు. అది మోసం కాదా?

కత్తెర:
మోసమే, దానికే దణ్ణం పెట్టాలి. ఆయన 'ఎ టచ్ ఆఫ్ జెన్' వెదురు తోపు ఫైట్‌లో హీరోయిన్ షూ ఫెంగ్ పైకి లేస్తుంది, తర్వాతి ముక్కలో ఆకుల మధ్య ఓ మెరుపు, ఆ తర్వాత కత్తితో నిట్టనిలువునా కిందికి. ఒక్కో ముక్క సెకను కూడా ఉండదు, మధ్యలోది మనమే పూరించుకుంటాం. ఫైట్స్ చేసిన హాన్ యింగ్-జీ పెకింగ్ ఒపేరా (చైనా సంప్రదాయ రంగస్థల నాటకం) నుంచి వచ్చినవాడు. ఆ తాళం అక్కడిదే: కదలిక, ఠక్కున ఆగడం, మళ్ళీ విరుచుకుపడడం. కూచిపూడి జతి ముక్తాయింపు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఈ సినిమాకి 1975లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టెక్నికల్ గ్రాండ్ ప్రైజ్ ఇచ్చారు.

పాతసామాను:
అయితే తప్పు మా ఫైట్ మాస్టర్లది కాదు, మీ ఎడిటర్లది అన్నమాట!

కత్తెర:
డేట్లది సార్. జాకీ 'డ్రంకెన్ మాస్టర్ 2' (1994) ఆఖరి ఫైట్‌కి నెలలు పట్టింది. ఇక్కడ హీరో నాలుగు రోజులు ఇచ్చి వెళ్ళిపోతే మిగతాదంతా డూప్‌తోనే లాగాలి. డూప్ మొహం దాచాలంటే కెమెరా ఊపక ఏం చేస్తారు?