బల్ల మీద అంతరిక్ష యుద్ధం: నౌకలన్నీ మధ్యలో గుమిగూడి పాచికలాటైపోతోంది, ఏం మార్చాలి?

పాలకొల్లు: ఇంజనీరింగ్ పిల్లల కోసం ఇద్దరాడే అంతరిక్ష యుద్ధం ఆట తయారుచేస్తున్నామండి. ఆరుమూలల గళ్ల షీటు, చెరో మూడు నౌకలు. నౌకకి ‘వేగం 4’ అంటే ఆ వంతులో నాలుగు గళ్ల దాకా జరగొచ్చు. ఎవరాడినా కాసేపటికి అన్నీ మధ్యలో చేరిపోతాయి, ఆపైన పాచికలే. కవచం ఎక్కువున్న వాడిదే గెలుపు. సైన్సు తప్పకుండా దీన్ని బాగుచేసే దారి చెప్పండి.

తణుకు: ముందు ఆ ‘వేగం 4’ తీసెయ్యండి. మీ నౌకలు నరసాపురం రేవులో పంటులా ఇంజనాపగానే నిలిచిపోతున్నాయి. అంతరిక్షంలో పట్టి ఆపడానికి నీళ్లుండవు కదండీ.

ప్రతి నౌకకీ రెండు బిళ్లలివ్వండి. ఒకటి నౌక. రెండోది గురుతు: ఇంజను ముట్టుకోకపోతే వచ్చే వంతుకి నౌక ఎక్కడుంటుందో అక్కడ పెడతారు. ఇంజను వెలిగిస్తే గురుతును కావలసిన దిక్కుకి ఒక గడి జరపాలి. తర్వాత నౌకను గురుతు మీదకి తేవాలి. అలా నౌక ఎటు ఎన్ని గళ్లు కదిలిందో, గురుతును మళ్లీ అటే అన్ని గళ్లు ముందు పెట్టాలి. తప్పంతా ఈ చివరి పనిలోనే జరుగుతుంది. గళ్లు సరిగ్గానే లెక్కపెట్టి దిక్కు మార్చేస్తారు. ‘తూర్పు 3, ఈశాన్యం 1’ అని కాగితం మీద రాయించండి. ఇంజను ఎటు వెలిగించేదీ ఇద్దరూ చాటుగా రాసి ఒకేసారి చూపాలి, లేకపోతే రెండోవాడికి ఎప్పుడూ లాభమే.

కొలతలు ఇలా పెట్టుకుంటే లెక్క తేలిక: వంతు 1000 సెకన్లు, గడి 1000 కి.మీ., త్వరణం భూమి గురుత్వంలో పదోవంతు, అంటే సెకనుకి వేగం సెకనుకు 1 మీటరు చొప్పున మారుతుంది. వంతంతా ఇంజను వెలిగితే వేగంలో మార్పు సెకనుకు 1 కి.మీ., మన షీటు మీద వంతుకి ఒక గడి. నిజానికి వెలిగించిన ఆ వంతులో నౌక అదనంగా జరిగేది అర గడే. దాన్ని వదిలెయ్యండి, పట్టుకుంటే ఆట నడవదు.

రాజోలు: దీనికి ఇంధనం కలపకపోతే కథ మళ్లీ మొదటికే వస్తుందండి. ఇంజను వదిలే వాయువు వేగాన్ని, నిండు బరువును ఖాళీ బరువుతో భాగిస్తే వచ్చే అంకె సహజ లాగరిథంతో గుణించండి. నౌక మొత్తం మీద మార్చుకోగల వేగం అదే. అణు ఇంజనులో హైడ్రోజన్‌ను వేడిచేసి వదిలితే వాయువు వేగం సెకనుకు సుమారు 8 కి.మీ. అనుకుందాం. 100 టన్నుల నౌకకి 100 టన్నుల ఇంధనం ఉంటే సెకనుకు 5.5 కి.మీ. వస్తుంది, 5 పాయింట్లివ్వండి (ఒక పాయింటుకి ఒక వంతు ఇంజను వెలుగుతుంది). అదే నౌకకి 50 టన్నుల కవచం తొడిగితే 4.1కి పడిపోతుంది, పైగా త్వరణం 0.8 అవుతుంది. మీ ఆటలో కవచం ఉచితం, అందుకే అదే గెలుస్తోంది.

ఆ 200 టన్నుల నిండు నౌకకి కావలసిన తోపు (ఇంజను నెట్టే బలం) 200 కిలోన్యూటన్లు. ఇస్రో క్రయోజెనిక్ (అతిశీతల ద్రవ ఇంధనం వాడే) ఇంజను సీఈ-20 తోపు ఇంచుమించు అంతే, కాబట్టి ఇదేమీ గాలిమేడ కాదు. కాకపోతే క్రయోజెనిక్ వాయువు వేగం 4.3 దగ్గరే ఆగుతుంది, దాంతో మూడు పాయింట్లు రావడమే గొప్ప.

మధ్య గడిలో ఒక స్టేషను పెట్టి, వేగం సున్నాతో అక్కడికి చేరినవాడే గెలిచినట్టు అనండి. 5 పాయింట్లలో రెండు బయల్దేరడానికి, రెండు ఆగడానికి పోతాయి. పోట్లాటకి మిగిలేది ఒక్కటే.

కాకినాడ: ఆయుధాలకి వేడి లెక్క పెట్టండి. 10 మెగావాట్ల లేజరు, సామర్థ్యం 25 శాతం అనుకుంటే 30 మెగావాట్లు వేడిగా లోపలే మిగులుతుంది. శూన్యంలో దాన్ని రేడియేటరు రెక్కలు వెలువరించాల్సిందే. 1000 కెల్విన్ల దగ్గర చదరపు మీటరు రెక్క రెండు వైపులా కలిపి 113 కిలోవాట్లు వదులుతుంది, 265 చ.మీ. చాలనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. 1000 కెల్విన్లు రియాక్టరుకి సరే, లేజరు పరికరం ఆ వేడికి బతకదు. 300 కెల్విన్ల దగ్గర అదే చదరపు మీటరు వదిలేది 0.92 కిలోవాట్లే. అంటే 32,700 చ.మీ., ఎనిమిదెకరాల రెక్క!

అందుకని వంతుకి ఒక్క దెబ్బ, పది సెకన్లు. 300 మెగాజౌళ్ల వేడి 1.2 టన్నుల నీటిని 60 డిగ్రీలు వేడెక్కిస్తుంది. 4 టన్నుల ట్యాంకుంటే మూడు దెబ్బలు దాచుకోవచ్చు, నాలుగోది కుదరదు. 330 చ.మీ. రెక్కలు వంతుకి ఒక దెబ్బ వేడిని చల్లారుస్తాయి. రెక్కలు చాపితే శత్రువు కొడతాడు, ముడిస్తే చల్లారదు. ఆటగాడు తేల్చుకోవాల్సింది ఇదే.

దూరం సంగతి: 1 మైక్రాను తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, 2 మీటర్ల అద్దమైతే 1000 కి.మీ.ల దగ్గర చుక్క వ్యాసం 1.2 మీటర్లు. దూరం మూడింతలైతే తీవ్రత తొమ్మిదో వంతు. కాబట్టి దెబ్బ విలువ ఒక గడికి 9, రెండుకి 2, మూడుకి 1, ఆపైన సున్నా. క్షిపణి కూడా గురుతు బిళ్లతో కదిలే చిన్న నౌకే. తాకినప్పుడు రెంటి మధ్య వేగం ఎన్ని గళ్లో దాని వర్గమే దెబ్బ. సెకనుకు 3 కి.మీ. దగ్గర కిలో ఇనుము ఇంచుమించు కిలో టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం, బాంబు నింపక్కర్లేదు.

పాలకొల్లు: బాగుందండి. నౌకని దాచే పరికరం పెట్టొచ్చా? మూడేసి నౌకలకి ఇన్ని లెక్కలు రాయించడం కష్టమేమో కూడా.

కాకినాడ: దాచడం వద్దు. 300 కెల్విన్ల నౌక 3 కెల్విన్ల ఆకాశం ముందు దీపంలా కనబడుతుంది. కావాలంటే డమ్మీ నౌకలివ్వండి.

అమలాపురం: లెక్కలకి కాగితం తగ్గించండి. నౌకకో అట్టముక్క, దాని మీద ఇంధనానికి చింతపిక్కలు, వేడికి గవ్వలు. ముందు చెరో నౌకతో ఆడించి, గురుతు బిళ్ల చేతికి అలవాటయ్యాకే రెండోది ఇవ్వండి.

షీటుకి చార్టు పేపరు పనికిరాదు, మన తేమకి చుట్టుకుపోతుంది. 6×4 అడుగుల ఫ్లెక్సీ వేయించండి. క్యారమ్స్ బిళ్ల 3 సెం.మీ. పైచిలుకు, కాబట్టి గడి అడ్డంగా 4 సెం.మీ. ఉండాలి. అడ్డం 45, నిలువు 34 వరసలు పడతాయి. షాపులో తరచూ షీటుకి సరిపెట్టడానికి బొమ్మను సాగదీస్తారు, మూలలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 10 సెం.మీ. గీతలు పెట్టి స్కేలుతో కొలిచాకే డబ్బులివ్వండి. నల్ల ఆకాశం వద్దు, మడతల దగ్గర రంగు లేచిపోతుంది. లేత బూడిద రంగు వేయించి, మడవకుండా చుట్టి పెట్టుకోండి.