పుట్టి పెరిగిన పార్టీని వదిలితే ఏమనాలి? ‘ఫిరాయింపు’ కాక ఇంకో మాట కావాలి

అనువాదకురాలు:
ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో మనిషి ఎమ్మెల్యే కాదు, కనీసం బూత్ ఏజెంటు కూడా కాదు. తాతల నాటి నుంచి ఇంటిమీద ఒకే జెండా. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పార్టీ మాటలే వింటూ పెరిగాడు. నలభయ్యో పడిలో దాన్ని వదిలేశాడు. వేరే పార్టీలో చేరలేదు. ‘ఫిరాయించాడు’ అని రాస్తే ఎవరో సంచి అందించినట్టుంది. ‘పార్టీ మారాడు’ అంటే ఎక్కడికో వెళ్ళినట్టుంది. ‘గుడ్‌బై చెప్పాడు’ అంటే పేపరు శీర్షిక అయిపోతోంది. మాట ఉందా, కట్టాలా?

అచ్చుతప్పు:
డెస్కులో రోజూ వాడే మాటలన్నీ ఒకసారి బల్లమీద పరిచి చూడండి: గోడ దూకాడు, కండువా మార్చాడు, ఫలానా తీర్థం పుచ్చుకున్నాడు, ఫలానా గూటికి చేరాడు, వలస వెళ్ళాడు. వీటిలో వదలడం గురించి ఒక్కటీ లేదు. గోడ దూకితే అవతల నేల ఉండాలి. కండువా తీసేస్తే వార్త కాదు, ఇంకోటి కప్పుకుంటేనే వార్త. తీర్థం సరేసరి, అది చేరేవాడికే పోస్తారు. అంటే పత్రికల తెలుగుకి కావలసింది చేరిక. బయటికి వచ్చి ఊరికే నిలబడ్డ మనిషి మాకు పనికిరాడు కనక ఆయనకి మాట పుట్టలేదు.

ఒక్క చోట మాత్రం పుట్టిన పార్టీని గుర్తు పెట్టుకుంటాం. ‘సొంతగూటికి’. అయితే అది తిరిగి వచ్చినప్పుడే! వెళ్ళేటప్పుడు ‘సొంతగూడు వీడి’ అని రాసిన శీర్షిక చాలా అరుదు.

చట్టం చదివినవాడు:
‘ఫిరాయింపు’ను పక్కన పెట్టడానికి ఇంకో గట్టి కారణం ఉంది. అది ఇప్పుడు చట్టం మాట. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది, దాన్నే ఫిరాయింపుల నిరోధక చట్టం అంటున్నాం. అది చట్టసభ సభ్యులకే వర్తిస్తుంది. పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకున్నా, ముందస్తు అనుమతి లేకుండా విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా అనర్హత. ఓటు విషయంలో పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే వేటు పడదు. స్వతంత్రుడిగా గెలిచినవాడు ఎన్నిక తరవాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుంది. నామినేటెడ్ సభ్యుడికి మాత్రం పార్టీలో చేరడానికి ఆరు నెలల గడువుంది.

మొదట్లో మూడో వంతు మంది కలిసి బయటికొస్తే ‘చీలిక’గా చెల్లేది. 2003 నాటి 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు మిగిలింది ‘విలీనం’ ఒక్కటే, దానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. అందుకే 2003కు ముందు వార్తల్లో ‘చీలిక వర్గం’ ఎక్కువ కనిపిస్తుంది, తరవాత ‘విలీన లేఖ’ కనిపిస్తుంది. వ్యాసంలో కాలాన్నిబట్టి మాట ఎంచుకోవాల్సిన చోటు ఇదే. మీ మనిషికి మాత్రం వీటితో పని లేదు, మామూలు ఓటరు ఫిరాయించలేడు.

పదమూలం:
‘ఫిరాయించు’ మొదట తిట్టు కాదు. హిందీ ‘ఫిరానా’ నుంచి వచ్చింది, తిప్పడం అని అర్థం. మాట ఫిరాయించాడు, ప్లేటు ఫిరాయించాడు అంటాం చూడండి, అక్కడే నైజం బయటపడుతుంది: తిప్పిన వస్తువు అదే, ముఖం మాత్రం మారింది. మాటమీద నిలవని మనిషికి వాడిన మాటను పార్టీ మార్పుకి అంటించాం. పక్క భాషలు వేరే దారి పట్టాయి. హిందీలో ‘దల్ బదల్’, కన్నడంలో ‘పక్షాంతర’. రెండూ చప్పిడి మాటలే, తప్పొప్పుల జోలికి పోవు. తమిళంలో ‘కట్చి తావల్’, అంటే పార్టీ దూకడం, మన గోడ దూకడానికి చుట్టం. మలయాళంలో ‘కూఱుమాట్టం’, అంటే విధేయత మారడం. ఈ నాలుగింటిలో మనసుని తాకేది మలయాళం మాటే. మీ వ్యాసానికి కావలసిన అర్థానికి దగ్గరగా ఉన్నదీ అదే.

అనువాదకురాలు:
‘రాజీనామా’ సంగతి? మూలంలో ఆయన సభ్యత్వ కార్డు వెనక్కి పంపే సన్నివేశం ఒకటుంది.

పదమూలం:
అదో వింత. ‘రాజీ’ అంటే ఒప్పుకోలు, ‘నామా’ అంటే పత్రం. ఉర్దూ, హిందీల్లో రాజీనామా అంటే నేటికీ రాజీ పత్రమే, పదవి వదిలితే ‘ఇస్తీఫా’. తెలుగు, కన్నడ, మరాఠీ, తమిళాల్లో అదే మాట పదవి వదులుకోవడానికి స్థిరపడింది. మలయాళంవాళ్ళు ‘రాజి’తోనే సరిపెట్టారు. మనకైతే ‘రాజీ పడలేక రాజీనామా చేశాడు’ అనే వాక్యం నిక్షేపంగా చెల్లుతుంది. హైదరాబాదు ఉర్దూ తెలిసినవాళ్ళు వింటే నవ్వుతారు.

చట్టం చదివినవాడు:
కార్డు వెనక్కి పంపే ఉత్తరం అనువదించేటప్పుడు మూడు చోట్ల జారుతుంది, జాగ్రత్త.

ఒకటి, దేనికి రాజీనామా అన్నది. ‘మండల కమిటీ పదవికి రాజీనామా చేస్తున్నాను’ అంటే ఆయన ఇంకా సభ్యుడే. పూర్తిగా బయటికి రావాలంటే ‘ప్రాథమిక సభ్యత్వానికి’ అనే మాట పడాలి. మనవాళ్ళ ఉత్తరాల్లో ‘పార్టీ ప్రాథమిక సభ్యత్వానికి, నేను నిర్వహిస్తున్న అన్ని పదవులకు’ అని జంటగా రావడం అందుకే.

రెండు, చివరి వాక్యం. ‘ఆమోదించవలసిందిగా కోరుతున్నాను’ అని అలవాటుగా రాసేస్తారు. దాంతో అవతలివాళ్ళు ఒప్పుకునేదాకా వేలాడుతున్న అర్థం వస్తుంది. తెంచుకుని వచ్చే మనిషి గొంతు కావాలంటే ‘తెలియజేస్తున్నాను’తో ముగించండి, పక్కన ‘ఈ తేదీ నుంచి’ అని పెట్టండి. మూడోది, ఇప్పుడు అందరి నోటా నలిగే ‘స్పీకర్ ఫార్మాట్‌లో రాజీనామా’. అది శాసనసభ్యత్వానికి సంబంధించింది. కారణాలేవీ రాయకుండా, ఫలానా తేదీ నుంచి సభ్యత్వాన్ని వదులుకుంటున్నానని స్పీకరుకు రాసే ఒక్క ముక్క. పేజీలకొద్దీ ఆవేదన దట్టించి పార్టీ అధ్యక్షుడికి రాసింది వేరే కాగితం. ఈ రెండూ కలిపేసి అనువదించిన వ్యాసాలు చూశాను, చదివేవాడికి పదవి పోయిందో పార్టీ పోయిందో తెలియదు.

విభక్తి:
మీరంతా నామవాచకాల వెంట పడ్డారు. క్రియకు ముందు వచ్చే ప్రత్యయం చూడండి, అసలు పని అది చేస్తోంది.

పార్టీకి రాజీనామా చేశాడు.
పార్టీ నుంచి వైదొలిగాడు.
పార్టీని వీడాడు.
పార్టీతో తెగతెంపులు చేసుకున్నాడు.

‘కి’ పెడితే పార్టీ ఒక ఆఫీసు. ‘నుంచి’ పెడితే ఒక చోటు, అందులోంచి అడుగు బయటపెట్టాడు. ‘ని’ పెడితే ఊరినో దేహాన్నో వదిలినంత బరువు. ‘తో’ పెడితేనే పార్టీ ఒక మనిషవుతుంది, తెగింది ఇద్దరి మధ్య బంధమవుతుంది. మీ కథకి ‘తో’ కావాలనిపిస్తోంది.

‘వైదొలగు’లో ఒక మేలుంది. అందులో ఉన్నది ‘తొలగు’, తనంతట తాను జరగడం. ‘తొలగించు’ అయితే ఇంకొకరు జరపడం. ‘వైదొలిగాడా, తొలగించారా’ అన్న ఒక్క ప్రశ్నలో సగం రాజకీయ వార్తలు ఇమిడిపోతాయి. లోపమేమిటంటే, వైదొలగడం మరీ మర్యాదస్థుల మాట. పోటీ నుంచి, కమిటీ నుంచి వైదొలుగుతారు. నాన్న పార్టీ నుంచి వైదొలగడం అంటే అన్నం దగ్గర నుంచి లేచినట్టు ఉండదు, మీటింగు నుంచి లేచినట్టుంటుంది.

‘పార్టీకి వీడ్కోలు పలికాడు’ అని మాత్రం రాయకండి. పాత వాడుకలో వెళ్ళేవాడు వీడ్కొంటాడు, ఉండేవాళ్ళు వీడ్కొలుపుతారు. వీడ్కోలు పలికేది గుమ్మంలో నిలబడ్డవాళ్ళు. ఈ పోరు పత్రికలతో ఎప్పుడో ఓడిపోయాం, అయినా చెబుతూనే ఉంటాను.

కందం:
సుమతీ శతకం గుర్తు చేయనా?

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగవలయు గదరా సుమతీ

అవసరానికి ఆదుకోని చుట్టం, మొక్కినా వరమివ్వని దేవుడు, యుద్ధంలో ఎక్కితే పరుగెత్తని గుర్రం. ‘విడుచు’ అనే మాట ఇక్కడ ఎంత తేలిగ్గా, ఎంత నిష్పాపంగా ఉందో చూడండి. పార్టీ మారినవాళ్ళకి ఇంతకంటే మంచి వకాల్తా దొరకదు.

విభక్తి:
కందంగారూ, ఆ వకాల్తా ఈ కేసులో చెల్లదు. పద్యంలో మూడూ మనకి పనిచేసి పెట్టాల్సినవి, పనిచెయ్యకపోతే వదలమన్నాడు. అది లెక్క. మీటరు తిరగని బండిని వదిలినట్టు. పుట్టిన ఇంటి పార్టీని వదిలేవాడు ‘నాకేమీ చేయలేదు’ అని వదలడు, తను నమ్మినదానికీ అది చేస్తున్నదానికీ పొసగక వదులుతాడు. పైగా ‘గ్రక్కున’ ఒకటి. కంద పద్యానికి నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కుదరాలి: అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. ఆ తొందరలో సగం ప్రాస తొందరే. ఇంటి పార్టీని గ్రక్కున విడిచినవాణ్ణి ఎవరూ చూసి ఉండరు. అది ఏళ్ళు పట్టే వ్యవహారం.

కందం:
ప్రాస గురించి ఒప్పుకున్నాను, తొందర గురించి కూడా. అయితే విభీషణుణ్ణి చూడండి. అన్నకి హితం చెప్పాడు, మాట పడ్డాడు, నలుగురు అనుచరులతో బాహాటంగా వెళ్ళి, తానెవరో చెప్పుకుని శరణు కోరాడు. దొంగచాటు పనేమీ లేదు. అయినా మన భాష ఆయనకి మిగిల్చింది ‘ఇంటిగుట్టు లంకకు చేటు’. భారతంలో ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు యుద్ధం మొదలయ్యే ముందు అందరూ చూస్తుండగా పాండవుల వైపు నడిచాడు. ఆయన పేరుమీద మనకి ఒక్క సామెత కూడా లేదు. తిట్టడానికి వీలైనవాణ్ణి సామెత చేశాం, వీలుకానివాణ్ణి మరిచిపోయాం.

అనువాదకురాలు:
అయితే కట్టుకోక తప్పదన్నమాట. ‘వేరుపడటం’ ఎలా ఉంటుంది? అన్నదమ్ములు వేరుపడ్డారంటే తిట్టు కాదు, చుట్టరికం పోదు, పొయ్యి మాత్రం వేరవుతుంది.

అచ్చుతప్పు:
మాట బాగుంది, బరువు సరిపోయింది. చిక్కల్లా ఏమిటంటే ‘పార్టీ నుంచి వేరుపడ్డాడు’ అని చదవగానే వెనకాల ఒక వర్గం ఉందనిపిస్తుంది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిక లాంటిది గుర్తొస్తుంది. ఒంటరి మనిషి కనిపించాలంటే ముందు పార్టీకి ఒక విశేషణం తగిలించండి. ‘ఇంటి పార్టీ’ అని మాత్రం వద్దు, తెలంగాణ ఇంటి పార్టీ అని నిజంగానే ఒక పార్టీ ఉండేది, పాఠకుడు అటు పోతాడు. ‘మాతృపార్టీ’ అంటే చీలిపోయిన ముక్కకి మొదటి పార్టీ, అదీ కుదరదు.

పదమూలం:
‘పుట్టింటి పార్టీ’? పుట్టింటిని వదలడం మన భాషలో నేరం కాదు, ఏడుస్తూనే వదులుతారు, రాకపోకలు ఉంటాయి.

అచ్చుతప్పు:
మగవాడికైతే చక్కగా పలుకుతుంది, కొంచెం విరుపు కూడా వస్తుంది. ఆడమనిషి గురించి రాస్తే అచ్చం అక్షరార్థమే వస్తుంది: ఆవిడ పుట్టింటివాళ్ళదో పార్టీ, అత్తింటివాళ్ళదో పార్టీ. వ్యాసంలో మగవాడే కనక వాడుకోండి. ఒకసారి వాడి వదిలెయ్యండి, ప్రతి పేరాలో వస్తే వెగటు.

విభక్తి:
ఒక మాట చెప్పి ఊరుకుంటాను. తెలుగులో ఈ తెగడానికి క్రియ వెతకక్కర్లేదు, సర్వనామం ఉంది. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. హిందీ ‘హమ్’లో, కన్నడం ‘నావు’లో ఈ తేడా లేదు. ఇలాంటి ఇళ్ళలో పార్టీ పేరు పెద్దగా పలకరు, ‘మన పార్టీ’, ‘మనవాడు గెలిచాడు’ అంటారు. తెగే మనిషి మొదట బయటివాళ్ళ దగ్గర ‘మాది ఫలానా పార్టీ’ అనడం మానేసి ‘మావాళ్ళది ఫలానా పార్టీ’ అంటాడు. ఆ ‘వాళ్ళ’తో ఒక కాలు గడప దాటింది. ఇంట్లో మాత్రం ఇంకా ‘మన’ అనే అంటాడు, లేదా సర్వనామం ఎగ్గొట్టి ‘పార్టీకి ఎన్నొస్తాయట?’ అంటాడు. ఏదో ఒకరోజు తండ్రితోనే ‘మీ పార్టీకి ఎన్నొస్తాయట?’ అని నోరు జారుతుంది. మీ వ్యాసంలో రాజీనామా ఉత్తరం కంటే ముందు ఈ వాక్యం పెట్టడానికి చోటుంటే చూడండి.

అనువాదకురాలు:
చోటుంది! భోజనాల దగ్గర ఫలితాలు చూసే సన్నివేశంలో మూలమంతా ఒకే సర్వనామంతో నెట్టుకొచ్చింది. మొదటి పేజీలో ‘మన’, ఇక్కడ ‘మీ’ పెడతాను. క్రియ జోలికే పోను.

అచ్చుతప్పు:
పెట్టేముందు ఆ కొడుకు తండ్రిని ఏమని పిలుస్తాడో తేల్చుకోండి. ‘మీరు’ అనే ఇల్లయితే ‘మీ పార్టీ’ మర్యాదలో కలిసిపోయి తండ్రికి సగమే తగులుతుంది, ‘మీది’ అంటే ఇంటిల్లిపాదిదా, తనొక్కడిదా అని ఆయన తేల్చుకునేలోపు టీవీలో తరవాతి నియోజకవర్గం వచ్చేస్తుంది. ‘నువ్వు’ అనే ఇల్లయితే రెండు దారులున్నాయి. ‘మీ పార్టీ’ అంటే కుటుంబమంతా ఒకవైపు, తానొకవైపు. ‘నీ పార్టీ’ అంటే తండ్రిని కూడా ఒంటరిని చేసినట్టు.

అనువాదకురాలు:
‘నువ్వు’ అనే ఇల్లే. ‘మీ’ పెడుతున్నాను.